ఎక్కిన గుర్రం, ఎక్కించిన గుర్రం

న్యూజెర్సీలో తెలుగువాడికి ఇంటి మీద బెంగ పెద్దగా కలగదు. ఎడిసన్‌లో ఏ వీధి మలుపు తిరిగినా గోంగూర కట్టలు, ఇడ్లీ రవ్వ, ఆవకాయ సీసాలు ఎదురవుతాయి. అక్కడి నుంచి ముప్పావు గంట దక్షిణంగా వెళితే మాన్మత్ కౌంటీలో లింక్రాఫ్ట్ అనే ఊరు ఉంది. నేను అక్కడికి తీసుకెళ్లమంటే మా మేనల్లుడు వింతగా చూశాడు.

"అక్కడేముంది మామయ్యా? ఒక పార్కు, పక్కనే ఒక కాలేజీ. మా ఆఫీసులో సగం మంది పిల్లలు ఆ కాలేజీలోనే చదివారు."

ఆ పార్కు పేరు థామ్సన్ పార్కు, ఆ కాలేజీ పేరు బ్రూక్‌డేల్ కమ్యూనిటీ కాలేజీ. రెండూ కలిసి ఒకప్పుడు బ్రూక్‌డేల్ ఫార్మ్. మేలుజాతి పందెపు గుర్రాలను పుట్టించి పెంచిన చోటు. ఇప్పుడు అక్కడ పచ్చికలో కుక్కలను తిప్పేవాళ్లు, చెవుల్లో ఇయర్‌ఫోన్లతో పరుగెత్తేవాళ్లు, స్ట్రోలర్ తోసుకుంటూ తెలుగులో అత్తగారి వీసా గురించి మాట్లాడుకుంటున్న ఒక జంట. 1912లో ఈ గడ్డ మీద ఒక ఎర్ర గోధుమరంగు ఆడపిల్ల పుట్టింది. ముఖాన తెల్లటి పట్టీ. పేరు రిగ్రెట్. మూడేళ్ల తర్వాత అది కెంటకీ డెర్బీ గెలిచింది. 1875లో ఆ పందెం మొదలయ్యాక ఒక ఆడగుర్రం గెలవడం అదే మొదటిసారి. దాన్ని పుట్టించిన ఆసామి హ్యారీ పేన్ విట్నీ.

గుర్రప్పందేలంటే మన ఇళ్లలో ఉన్న అభిప్రాయం అందరికీ తెలిసిందే. "రేసులకు అలవాటు పడ్డాడు" అన్న మాట బయటికి పొక్కితే చాలు, ఆ ఇంటికి పిల్లనివ్వరు. మలక్‌పేట రేసు కోర్సు పక్కనుంచి బస్సులో వెళ్తూ గోడకేసి చూడటం తప్ప మా నాన్న ఏనాడూ లోపలికి అడుగుపెట్టలేదు. చూడటం మాత్రం మానలేదు. ఆ గోడకు అవతల ఉన్నవాళ్లు ఎవరు, డబ్బు పోతుందని తెలిసీ ఎందుకు వెళ్తారు అన్న కుతూహలం ఆయన నుంచే నాకు అంటుకున్నట్టుంది. అందులోనూ ఈ విట్నీ నాకు మరీ వింతగా తోచాడు. రేసుల్లో యజమాని పెవిలియన్‌లో కూర్చుంటాడు, స్వారీ జాకీది. పోలోలో ఎవరి స్వారీ వాళ్లదే. ఈయన రెండింటిలోనూ శిఖరం చూశాడు.

ముందు డబ్బు సంగతి. హ్యారీ 1872లో పుట్టాడు. తండ్రి విలియం కాలిన్స్ విట్నీ అధ్యక్షుడు గ్రోవర్ క్లీవ్‌లాండ్ దగ్గర నౌకాదళ మంత్రిగా పనిచేశాడు. న్యూయార్క్ వీధి ట్రాముల వ్యాపారంలో కోట్లు గడించాడు. ఆ ట్రాముల్లో చాలా వాటిని మొదట్లో గుర్రాలే లాగేవి. మాన్‌హాటన్ వీధుల్లో గుర్రాలు ఎండనక వాననక ట్రాములు ఈడ్చిన కాలంలో పోగైన సొమ్ము కొడుకు చేతిలో అరేబియా రక్తం కలిసిన మేలుజాతి గుర్రాలుగా మారింది. తల్లి ఫ్లోరా పేన్ తరఫు బంధువులది స్టాండర్డ్ ఆయిల్ సంపద. ఇది చాలదన్నట్టు 1896లో హ్యారీ పెళ్లాడిన గెర్ట్రూడ్ వాండర్‌బిల్ట్ వంశంలో పుట్టిన అమ్మాయి. అంటే రైళ్లు, ట్రాములు, నూనె ఒకే కప్పు కిందకు చేరాయి. అలాంటి ఇంట్లో పుట్టినవాడికి సంపాదించాల్సిన అవసరం ఉండదు. ఏదైనా ఒకటి సొంతంగా సాధించి చూపించాల్సిన అవసరం మాత్రం ఉంటుంది.

లింక్రాఫ్ట్ నుంచి మా దారి ఉత్తరానికి. హడ్సన్ నది లోయ వెంబడి నాలుగు గంటల ప్రయాణం. ఆల్బనీ దాటాక మరో అరగంటలో సరటోగా స్ప్రింగ్స్. ఆగస్టు నెల కావడంతో ఊరికి ఊరే రేసు కార్డు చేతబట్టుకుని తిరుగుతోంది. ఊరికి పేరు తెచ్చినవి ఖనిజ జలాల ఊటలు. వీధి పక్కన కొళాయిలా ఉన్న ఒక ఊట దగ్గర మేనల్లుడు దోసిలి పట్టి తాగి మొహం అదోలా పెట్టాడు. ఉప్పు, ఇనుము, గ్యాసు కలిసిన రుచి. "ఆరోగ్యానికి మంచిదట" అన్నాను. "అయితే మీరు రెండు దోసిళ్లు తాగండి" అన్నాడు.

ఇక్కడ రేసులు 1863లో మొదలయ్యాయి. మొదలుపెట్టినవాడు జాన్ మోరిస్సీ అనే మాజీ ముష్టియోధుడు, జూదశాలల యజమాని. అంతర్యుద్ధం జరుగుతున్న ఏడాదది. శతాబ్దం చివరికి ఈ మైదానం దిగజారిపోతే, కొందరు మిత్రులతో కలిసి దాన్ని కొని మళ్లీ నిలబెట్టింది హ్యారీ తండ్రి విలియం విట్నీయే. అందుకే సరటోగాలో ఆ ఇంటి పేరు ఎటు తిరిగినా వినపడుతుంది.

సరటోగాకు వచ్చినవాడు తెల్లవారుజామునే లేవాలి. యూనియన్ అవెన్యూకు ఒక పక్క అసలు రేసు ట్రాకు, రెండో పక్క ఓక్లహోమా అని పిలుచుకునే శిక్షణ ట్రాకు. మంచు తెరలు ఇంకా విడవని వేళలో గుర్రాలు జతలు జతలుగా వస్తుంటాయి. ముందు గిట్టల చప్పుడు, తర్వాత ముక్కుపుటాల్లోంచి కొలిమి తిత్తిలా వచ్చే ఊపిరి, ఆ తర్వాతే గుర్రం కనపడుతుంది. కసరత్తు ముగిశాక ఒళ్లు కడుగుతారు. నల్లటి వీపు మీద నీళ్లు పడగానే ఆవిరి లేస్తుంది. ఆ తర్వాత అరగంట సేపు ఒకరు పగ్గం పట్టుకుని గుర్రపుశాల చుట్టూ నడిపిస్తూనే ఉంటారు. వేడెక్కిన ఒళ్లు ఒక్కసారిగా చల్లబడితే గుర్రానికి ప్రమాదం. నడుమ నడుమ రెండేసి గుక్కల నీళ్లు తాగనిస్తారు, అంతే. నేను చూసిన సైసు మధ్య అమెరికా దేశాల నుంచి వచ్చినవాడు. గుర్రంతో స్పానిష్‌లో ఏదో చెబుతూ నడుస్తున్నాడు. గుర్రం ఒక చెవి అతనివైపు తిప్పి వింటోంది. ఈ శాలల్లో పనిచేసేవాళ్లలో ఇప్పుడు ఎక్కువమంది లాటిన్ అమెరికా వాళ్లే. ఒకప్పుడు ఈ పని నల్లజాతి వాళ్లది. పనే కాదు, స్వారీ కూడా వాళ్లదే. మొదటి కెంటకీ డెర్బీలో పదిహేను మంది జాకీలుంటే పదముగ్గురు నల్లవాళ్లు. డెర్బీని మూడుసార్లు గెలిచిన ఐజాక్ మర్ఫీ నల్లజాతివాడు. పందేల్లో డబ్బు, పేరు పెరిగేకొద్దీ తెల్ల జాకీలు కక్షగట్టి వాళ్లను ట్రాకుల మీంచి తరిమేశారు. విట్నీ గుర్రాలు వెలిగే నాటికి ఆ తరిమివేత దాదాపు పూర్తయింది. రిగ్రెట్‌ను డెర్బీలో నడిపిన జో నాటర్ తెల్లవాడు.

రిగ్రెట్ కథకు మొదటి అంకం ఈ ట్రాకు మీదే. 1914 ఆగస్టులో, రెండేళ్ల వయసులో, ఇక్కడి మూడు పెద్ద పందేలను అది వరసగా గెలిచింది: సరటోగా స్పెషల్, శాన్‌ఫర్డ్, హోప్‌ఫుల్. అంతే, మళ్లీ ఆ ఏడాది పరుగెత్తించలేదు. మరుసటి ఏడాది వసంతంలో నేరుగా డెర్బీకి దించారు. ట్రైనర్ జేమ్స్ రో పాతకాపు. తన చిన్నతనంలో జాకీగా నెగ్గి, ట్రైనర్‌గా దిగ్గజమైనవాడు. డెర్బీ 1915 మే 8న. సరిగ్గా ముందురోజు జర్మన్ జలాంతర్గామి లుసిటేనియా ఓడను ముంచేసింది. అందులో మునిగిపోయినవాళ్లలో గెర్ట్రూడ్ తమ్ముడు, హ్యారీ బావమరిది ఆల్‌ఫ్రెడ్ వాండర్‌బిల్ట్ ఒకడు. ఇంట్లో అంత విషాదం ఉన్నా రిగ్రెట్ పందెంలో దిగింది. పదహారు గుర్రాల మధ్య మొదటి అడుగు నుంచి చివరి అడుగు దాకా తనే ముందుంది. అప్పటిదాకా కెంటకీ వాళ్ల సొంత పండగలా ఉన్న డెర్బీకి దేశమంతటా పేరు రావడం ఆ రోజుతో మొదలైందని రేసుల చరిత్రకారులు అంటారు. ఆ తర్వాత మరో ఆడగుర్రం డెర్బీ గెలవడానికి అరవై అయిదేళ్లు పట్టింది. 1980లో జెన్యూయిన్ రిస్క్, 1988లో విన్నింగ్ కలర్స్. ఇప్పటికీ ముగ్గురే.

ట్రాకుకు ఎదురుగా ఉన్న జాతీయ రేసింగ్ మ్యూజియంలో రిగ్రెట్ పేరు ఉంది. అక్కడ వంశవృక్షాల ముందు నిలబడితే విట్నీ చేసిన అసలు పని ఏమిటో బోధపడుతుంది. గుర్రం కొనడం డబ్బున్న ఎవడైనా చేస్తాడు. పుట్టించడం వేరు. గర్భం పదకొండు నెలలు. పిల్ల పుట్టాక ట్రాకు ఎక్కడానికి రెండేళ్లు. అది పరుగెత్తుతుందో లేదో తేలేసరికి, ఆ జతను కలిపిన రోజు నుంచి మూడేళ్లు దాటిపోతాయి. ఈ జాతిలో కృత్రిమ గర్భధారణ నిషిద్ధం. ఈనాటికీ మగగుర్రాన్ని, ఆడగుర్రాన్ని ఎదురెదురుగా తేవాల్సిందే. పుట్టిన తేదీ ఏదైనా, జనవరి 1 రాగానే అన్నిటికీ ఒక ఏడు నిండినట్టే లెక్క. కాబట్టి డిసెంబరులో పుట్టిన పిల్ల నెల తిరక్కుండానే 'ఏడాది గుర్రం' అయిపోతుంది. ఇన్ని లెక్కలూ చూసుకుని, ఏ రక్తానికి ఏ రక్తం కలిపితే వేగం నిలుస్తుందో ఊహించాలి.

విట్నీ దగ్గర రెండు మూలస్తంభాలుండేవి. ఒకటి బ్రూమ్‌స్టిక్. చిన్న గుర్రం. 1904లో సరటోగాలోనే ట్రావర్స్ పందెం గెలిచింది. రిగ్రెట్‌కు తండ్రి. 1913 నుంచి 1915 దాకా వరసగా మూడేళ్లు దాని పిల్లలు గెలిచిన సొమ్ము దేశంలో మరే గుర్రం పిల్లలూ గెలవలేదు. రెండోది పీటర్ పాన్. విట్నీ ఈ రెండు రక్తాలనూ మళ్లీ మళ్లీ కలిపి చూశాడు. ఆ కలయికలో ఆఖరికి పుట్టిన ఆణిముత్యం ఈక్విపాయిజ్. తండ్రి వైపు తాత పీటర్ పాన్, తల్లి వైపు తాత బ్రూమ్‌స్టిక్. 1928లో పుట్టింది. అది పెద్ద గెలుపులు గెలుస్తున్న నాటికి విట్నీ లేడు. 1930 అక్టోబరులో యాభై ఎనిమిదేళ్లకే పోయాడు. ఆ తర్వాత అది కొడుకు కార్నీలియస్ గుర్రంగా పరుగెత్తింది. ఈక్విపాయిజ్ కూతురి కొడుకు అసాల్ట్ 1946లో ట్రిపుల్ క్రౌన్ సాధించాడు.

ఇంత లెక్కా వేసినా పాచిక ఎప్పుడూ అనుకున్నట్టు పడదు. పదకొండు పందేల్లో తొమ్మిది గెలిచిన రిగ్రెట్ తల్లిగా తనంతటి బిడ్డను ఇవ్వలేదు. లెక్క తప్పడం చూడాలంటే సరటోగాను మించిన చోటు లేదు. మహా గుర్రాల శ్మశానమని దీనికి పేరు. 1919 ఆగస్టు 13న మాన్ ఓ వార్ ఇక్కడ ఓడిపోయింది. ఆ గుర్రం జీవితంలో 21 పందేలు ఆడి 20 గెలిచింది. ఓడిన ఆ ఒక్కటీ శాన్‌ఫర్డ్ పందెం. ఓడించిన గుర్రం పేరు అప్‌సెట్, యజమాని హ్యారీ పేన్ విట్నీ. నిజం చెప్పుకోవాలంటే ఆరోజు మాన్ ఓ వార్ 130 పౌన్ల బరువు మోసింది, అప్‌సెట్ మోసింది 115. పైగా మాన్ ఓ వార్‌కు ఆరంభమే సరిగా కుదరలేదు. అంతకు ముందు ఏడాది ఇదే ఊళ్లో జరిగిన వేలంలో మాన్ ఓ వార్ 5,000 డాలర్లకు అమ్ముడుపోయింది. 1973లో సెక్రటేరియట్ అంతటి గుర్రం ఇక్కడే ఆనియన్ అనే అనామకుడి చేతిలో ఓడింది. ఆ పందెం పేరు విట్నీ స్టేక్స్.

ఒక దశలో ఈ ఆటకే నూరేళ్లు నిండే పరిస్థితి వచ్చింది. 1908లో న్యూయార్క్ రాష్ట్రం పందేలు కాయడాన్ని నిషేధించింది. 1911, 1912 సంవత్సరాల్లో రాష్ట్రంలో ట్రాకులన్నీ మూతబడ్డాయి, సరటోగాతో సహా. ఎందరో యజమానులు గుర్రాలను అయినకాడికి అమ్ముకున్నారు. విట్నీ తన గుర్రాలు కొన్నిటిని ఇంగ్లండు పంపాడు. 1913లో ట్రాకులు తెరుచుకోగానే అక్కడి నుంచి తిరిగొచ్చిన విస్క్ బ్రూమ్ న్యూయార్క్ పెద్ద హాండీక్యాప్ పందేలు మూడూ గెలిచేసింది. మంద చెదిరిపోకుండా కాపాడుకోగలిగింది డబ్బున్నవాడే. రిగ్రెట్ పుట్టింది ఆ మూతబడిన రోజుల్లోనే అని గుర్తుపెట్టుకుంటే, ఆయన మొండితనం ఏపాటిదో తెలుస్తుంది.

మధ్యాహ్నమంతా ట్రాకు దగ్గర గడిచింది. పొద్దున్నే గేటు తెరవగానే జనం పరుగున వచ్చి చెట్ల కింద బల్లలు పట్టుకున్నారు. వాటి మీద శాండ్‌విచ్‌లు, ఐసు పెట్టెలు, కునికిపాట్లు పడుతున్న తాతయ్యలు. పందేనికి ముందు గుర్రాలు ఈ జనం మధ్యలోంచే నడిచి వెళ్తాయి. మేనల్లుడు పేరు బాగుందని ఒక గుర్రం మీద రెండు డాలర్లు కాశాడు. అది చివరి నుంచి రెండోదిగా వచ్చింది. "అమ్మకు చెప్పకండి మామయ్యా" అన్నాడు.

సాయంత్రం పోలోకు వెళ్లాం. ట్రాకు నుంచి కొద్ది నిమిషాల దారి. 1898లోనే ఈ ఊళ్లో పోలో మొదలైంది. మైదానం పేరు విట్నీ ఫీల్డ్. రేసు చూసిన కళ్లతో పోలో చూస్తే ముందు ఆశ్చర్యపరిచేది మైదానం. పొడవు 300 గజాలు, వెడల్పు 160. ఇటు చివర నుంచి చూస్తే అటు చివరి గోలు స్తంభాలు పుల్లల్లా కనిపిస్తాయి. జట్టుకు నలుగురు. ఏడు నిమిషాలకొక చక్కర్. చక్కర్ ముగియగానే గుర్రం మార్పు, ఎందుకంటే ఆ ఏడు నిమిషాల్లోనే జంతువు అలసిపోతుంది. ఎడమచేతి వాటం వాళ్లు కూడా కర్రను కుడిచేత్తోనే పట్టాలి. లేకపోతే ఎదురెదురుగా వచ్చే గుర్రాలు ఢీకొంటాయి. మా ముందు నుంచే ఒక ఆటగాడు మరొకడి గుర్రాన్ని భుజంతో నెడుతూ దూసుకెళ్లాడు. రికాబులు ఒకదానికొకటి రాసుకున్న చప్పుడు వినిపించింది. జీను తోలు కిర్రుమంది, మట్టిపెళ్ల ఒకటి మేనల్లుడి చొక్కా మీద పడింది. ఆట సగంలో ప్రేక్షకులందరూ మైదానంలోకి దిగి, గిట్టలకు లేచిన పచ్చికపెళ్లలను కాళ్లతో తొక్కి సర్దారు. మేమూ తొక్కాం.

ఈ ఆట మన మణిపూర్‌ది. అక్కడి సగోల్ కాంగ్జైని చూసి టీ తోటల దొరలు నేర్చుకున్నారు. 1859లో సిల్చార్‌లో క్లబ్బు పెట్టారు. సైనికులతో పాటు ఇంగ్లండు చేరింది, అక్కడి నుంచి 1876లో అమెరికా. 1886లో రెండు దేశాల మధ్య వెస్ట్‌చెస్టర్ కప్పు మొదలైతే ఇంగ్లండు దాన్ని గెలుచుకుపోయి ఇరవై మూడేళ్లు వదల్లేదు. 1909లో లండన్ హర్లింగ్‌హామ్ మైదానానికి వెళ్లి దాన్ని తెచ్చిన జట్టుకు నాయకుడు హ్యారీ పేన్ విట్నీ. తోడుగా ల్యారీ, మాంటీ వాటర్‌బరీ సోదరులు, డెవరూ మిల్‌బర్న్. వాళ్లకు బిగ్ ఫోర్ అని పేరు. 1911, 1913ల్లో సొంత గడ్డ మీద కప్పు నిలబెట్టుకున్నారు.

విట్నీ మూడో నంబరు ఆటగాడు. ముందుకు బంతిని అందించడం, వెనక్కు వచ్చి అడ్డుకోవడం, ఎవరెక్కడ ఉండాలో అరిచి చెప్పడం ఆ స్థానం పని. ఆయన అందులో పది గోల్స్ హాండీక్యాప్ అందుకున్నాడు. పోలోలో అంతకు మించిన మెట్టు లేదు. అప్పటి ఇంగ్లండు ఆటలో ఆఫ్‌సైడ్ నిబంధన ఉండేది, అమెరికా ఆటలో లేదు. అందుకే వీళ్లు బంతిని దూరంగా కొట్టి, పూర్తి వేగంతో వెంటబడటానికి అలవాటుపడ్డారు. ఆట మధ్యలోనే స్థానాలు మార్చుకునేవాళ్లు. కొన్నేళ్లకే ఇంగ్లండు కూడా ఆఫ్‌సైడ్ ఎత్తేసింది.

ఆట అయ్యాక మైకు పట్టుకున్న వ్యాఖ్యాత విట్నీ ఫీల్డ్ అని పదిసార్లైనా అని ఉంటాడు. "ఏ విట్నీ మామయ్యా?" అని మేనల్లుడు అడిగాడు. పక్కనున్న పెద్దావిడ విని, "మ్యూజియం విట్నీ కదూ!" అంది. ఆవిడ అన్నది న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియం గురించి. అది గెర్ట్రూడ్ స్థాపించింది. ఆవిడ స్వయంగా శిల్పి. తాను సేకరించిన అమెరికన్ చిత్రాలు, శిల్పాలు మెట్రోపాలిటన్ మ్యూజియానికి ఇస్తానంటే వాళ్లు వద్దన్నారు. ఆవిడ తనే ఒక మ్యూజియం పెట్టేసింది. 1931లో అది తలుపులు తెరిచేటప్పటికి భర్త పోయి ఏడాదైంది.

గుర్రాల పేర్లు నిలిచాయి, భార్య పేరు నిలిచింది. పోలో ఆటగాడి పేరు మాత్రం జారిపోయింది. ఆయన కప్పు నిలబెట్టుకున్న లాంగ్ ఐలాండ్ మెడోబ్రూక్ మైదానం మీద ఇప్పుడు రోడ్లు, కట్టడాలు. రేసుల్లో విట్నీ సాధించిందంతా వంశవృక్షాల్లో రాసి ఉంది. అందులో ట్రైనర్ రో చేతి నేర్పు ఉంది, జాకీల చలవ ఉంది, పేర్లు ఎక్కడా కనిపించని సైసుల తెల్లవారుజాములున్నాయి. విట్నీ పెట్టింది సొమ్ము, చూపు, ఓపిక. అవేమీ తక్కువ కావు. కానీ ఆయన లేకపోయినా బ్రూమ్‌స్టిక్ మరొకరి శాలలో ఉండేది, దాని పిల్లలు మరొకరి రంగుల్లో పరుగెత్తేవి.

పోలోలో మాత్రం గుర్రం ఎంత ఖరీదైనదైనా బంతిని కొట్టే చెయ్యి తనదే. పడితే విరిగేది తన ఎముకే. పుట్టినప్పటి నుంచీ అన్నీ పళ్లెంలో పెట్టి అందిన మనిషికి తన ఒంటి సత్తువతో తేలాల్సిన లెక్క ఎదురైంది ఆ మూడు వందల గజాల పచ్చిక మీదే. రికార్డు పుస్తకాలు ఆయన్ను గుర్రాల యజమానిగానే చూపిస్తాయి. నన్నడిగితే ఆ కోటీశ్వరుడు కష్టపడి సంపాదించుకున్నది ఆ పది గోల్స్ హాండీక్యాప్ ఒక్కటే. మిగతాదంతా వారసత్వం, లేదా దాని మీద వచ్చిన వడ్డీ.